మస్తాన్ మామ మైకులో మా నాయన పేరు

నిన్న పొద్దున ఒంగోలులో ఆఫీసుకు బయల్దేరుతుంటే తమ్ముడి ఫోన్.

"అక్కా, మస్తాన్ మామ పోయినాడు. నిద్రలోనే."

ఏ మస్తాన్ మామ అని అడిగాను.

తెలిసీ అడిగాను. దొరికిన బస్సెక్కి ఏడుస్తూనే ఊరికి వచ్చాను.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. పుల్లలచెరువు దగ్గర మా ఊళ్లో ఆయనది మైక్ సెట్ దుకాణం. మేక తప్పిపోయినా, చర్చిలో కూటం ఉన్నా, ఎవరైనా చనిపోయినా ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పేది ఆయనే.

ఏ మాటైనా రెండుసార్లు చెప్పేవాడు. "మొదటిసారికి తల తిప్పుతారు. రెండోసారికి వింటారు" అనేవాడు.

ఇంట్లోనూ అదే అలవాటు. "టీ పెట్టు, టీ పెట్టు" అంటే, "నాకేం చెవుడు లేదులే" అని అత్త కసిరేది.

లాక్‌డౌన్‌లో మా నాయన కౌలు చేలో పండిన మిరపకాయలు కళ్లంలోనే ఉండిపోయాయి. లారీ లేదు, మార్కెట్ లేదు. రైతులకు గవర్నమెంట్ ఇచ్చే కరోనా సాయం మీదే ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నాం.

లిస్టు వచ్చింది.

ఊరి సచివాలయం లోపలి గోడకు అంటించి తలుపు వేసేశారు. గుంపు కూడొద్దు, లోపలికి రావద్దు. మరి జనం చూసేదెట్లా?

మామ కిటికీలోంచి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. సాయంత్రం ఆటో బయటికి తీశాడు.

"అయ్యా, అమ్మా, ఎవరూ బయటికి రావద్దు. అరుగుల మీదే కూర్చోండి. లిస్టు నేను చదువుతా."

మొదట చదివింది తన పేరే.

"షేక్ మస్తాన్. షేక్ మస్తాన్. ఇది నేనే. నాకు సెంటు భూమి లేదు. ఎవరు ఎక్కించినారో నాకు తెలీదు. తీసేయండి."

అరుగుల మీద ఒకటే నవ్వులు.

మిగతా పేర్లు వస్తున్నకొద్దీ నవ్వులు ఆగిపోయాయి. నాగలి పట్టని వాళ్లు, ఊళ్లోనే ఉండని వాళ్లు. అందరూ ఉన్నారు.

మా నాయన లేడు. చివరి పేరు దాకా నిలబడే విన్నాడు పాపం.

ఒక పెద్దమనిషి వచ్చి ఆటోకు బండి అడ్డం పెట్టాడు. "ఏంది మస్తానూ, ఎవరు చదవమన్నారు నిన్ను?"

"అంటించింది చదివేదానికే గదన్నా" అన్నాడు మామ. మైకు ఆపకుండానే. "చదివేదానికే గదా."

తర్వాత ఆటో మా పేటలో ఆగింది. "సేద్యం చేస్తా కూడా లిస్టులో లేనోళ్లు గడపలోనే నిలబడి పేరు చెప్పండి. అవీ చదువుతా."

నాయన గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఏ ఆఫీసులోనూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆయన పేరు నేనే అరిచాను.

"దానియేలు. కౌలు రైతు. మిరప వేసినాడు. లిస్టులో లేడు."

మామ మైకులో చెప్పాడు. మళ్లీ చెప్పాడు. ఊరంతా విన్నది.

ఆఫీసర్లు వచ్చారు, విచారించారు, కొన్ని పేర్లు తీసేశారు. నాయనకు మాత్రం రూపాయి రాలేదు. కౌలు కాగితం లేదన్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. మామకైతే పెద్దిళ్ల నుంచి చాలాకాలం పెళ్లి ఆర్డర్లు రాలేదు. ఒక్కరోజు కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు.

నాయన మాత్రం, "మనం సేద్యం చేసినామని ఊరంతా వినింది గదమ్మా" అంటాడు. ఇప్పటికీ.

నిన్న మధ్యాహ్నం అదే ఆటో మా పేటలోకి వచ్చింది. మైకు మామ అల్లుడి చేతిలో ఉంది.

"షేక్ మస్తాన్ గారు చనిపోయినారు" అన్నాడు.

రెండోసారికి అతనికి గొంతు రాలేదు. మైకు గరగరమంటూ ఉండిపోయింది.

అప్పుడు మా నాయన గడపలో నిలబడి, పేటంతా వినేట్టు గట్టిగా చెప్పాడు.

"షేక్ మస్తాన్ పోయినాడు. మన మైకు సెట్ మస్తాన్ పోయినాడు."

రెండోసారికి విన్నాం మామా.

అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.

చల్లగా చూసుకోవాలి.