పద్నాలుగో నెంబరు రాయి

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికి వందనాలు. నావి రాళ్లు కొట్టే చేతులు, మాట్లాడటం అంతగా రాదు, అయినా ఆయన చేసిన మేలు చెప్పకుండా కూర్చుంటే ఈ మందిరం మెట్లే నన్ను నిలదీస్తాయి!

మూడేళ్లు నేను ఈ గడప తొక్కలేదు. అప్పట్లో నా దేవుడు ధర! మార్కాపురం జిల్లా అవుతుందట, ఆఫీసులన్నీ తర్లుపాడు రోడ్డు వైపే వస్తాయట అని ఊరంతా ఒకటే మాట, నిన్నటి కందిచేను ఇవాళ వెంచరు, ఆ వెంచర్లకు హద్దురాళ్లు కొట్టి నెంబర్లు చెక్కేది నేనే, లోడు దించిన ప్రతిసారీ సెంటు రేటు పెరగడం చూసి నాకూ ఆశ పుట్టింది. అందరి స్థలాల్లో రాళ్లు పాతేవాడిని నా నెత్తిన నేనే పాతుకున్నాను! పద్నాలుగు నుంచి పదిహేడు దాకా నాలుగు ప్లాట్లు కొన్నాను, అదీ మా నాయన కట్టిన ఇల్లు తనఖా పెట్టి.

నాయన పలకల గనిలో పనిచేసేవాడు, పనికిరాదని పడేసిన బండల్ని ఒక్కొక్కటే సైకిలు మీద తెచ్చి ఆ ఇంట్లో నేల పరిచాడు. ఎండాకాలం ఆ నల్లబండల మీద పడుకుంటే ఎంత చల్లగా ఉండేదో! పొద్దున్నే పలక మీద ఒక వాక్యం రాసి వాకిట్లో మేకుకు తగిలించేవాడు, అది చదివితేనే మాకు సంగటి.

ఆ ఇంటి మీద అప్పిచ్చిన ఫైనాన్సు వాళ్లు నీ సంపాదన ఎంత, ఎట్లా తీరుస్తావు అని అడగనే లేదు, కాగితాలున్నాయా అన్నారు, అంతే. తర్వాత ఆఫీసులు ఇంకో వైపు వస్తాయని ఇంకో మాట లేచింది, రేట్లు కూలిపోయాయి, ప్లాట్లలో కంపచెట్లు మొలిచాయి. నాకు మాత్రం రోజూ టీ కొట్టు దగ్గర కూర్చుని ఇవాళ ఎంత పలుకుతోందని అడగడమే పని, ప్రార్థన చేసినా ధర పెంచు ప్రభువా అనే! చివరికి ఇల్లు వేలం వేస్తామని నోటీసు తెచ్చి, నాయన పలక తగిలించిన మేకు కిందే అంటించారు.

మరుసటి రోజు తెల్లవారుజామున నా భార్య మరియమ్మ ఆ బండల మీద మోకరించి ప్రార్థించడం విన్నాను. "తండ్రీ, ఇల్లు పోతే పోనీ, కూలికి పోయి బతుకుతాం. మా ఆయన మనసు ఆ ప్లాట్ల కాడ్నే తిరగతా ఉంది, దాన్ని ఇంటికి తోలకరా నాయనా!"

నేను చంటిబిడ్డలా ఏడ్చాను సహోదరులారా! ఆ పూటే, నా ప్లాట్లు పడిన చేనును వెంచరు వాళ్లకు అమ్మిన సుబ్బన్న మామ దగ్గరికి వెళ్లాను.

"ఏంది అల్లుడా, ఇట్ల వచ్చినావు?" అన్నాడు. సంగతి చెప్పి, ఆ నాలుగు ప్లాట్లూ నువ్వే తీసుకో మామా అన్నాను. "నువ్వు కొన్నదాంట్లో సగం కూడా ఇయ్యలేను. కానీ ఆ చేను అమ్మినకాడ్నించి నాకు అన్నం సయించలా. ఇస్తే మళ్లీ కందులు ఏసుకుంటా."

రేటు మళ్లీ పెరుగుతుందేమో అనే ఆశ లోపల ఒక్కసారి తల ఎత్తింది. ప్రభువు దాని నోరు మూశాడు, సరే మామా అన్నాను! ఆ డబ్బు కట్టేసరికి వేలం ఆగింది, మిగతాది నేనూ మరియమ్మా రెక్కలు ముక్కలు చేసుకుని తీర్చాం, పోయిన నెలలో ఇంటి కాగితాలు చేతికి వచ్చాయి. ఆ మేకుకు మళ్లీ పలక తగిలించాను. దేవునికే మహిమ!

ఏ ధర కోసమో ఎదురుచూస్తూ నిద్ర పోగొట్టుకునేవాళ్లు మీలో ఉంటే, ఆ బరువు ఈరోజే ఆయన దగ్గర దించండి. నేను పాతిన హద్దురాళ్లను నా చేతులతోనే పీకి తెచ్చి మన మందిరానికి మెట్లుగా వేశాను. అన్నీ బోర్లించాను గానీ, పద్నాలుగో నెంబరుది మాత్రం పైకి కనపడేలా ఉంచాను. వెళ్లేటప్పుడు చూడండి, ఒకప్పుడు నేను మొక్కిన రాయి మీదే ఇవాళ మీరంతా చెప్పులు విడిచారు.