మాట కలుపుకోని సాక్షులు

“ఉరేసుకొని చచ్చిండని ఒక కాడ, తలకిందులుగా పడి కడుపు పగిలి చచ్చిండని ఇంకో కాడ. యేసును పట్టిచ్చిన యూదా ఎన్నిసార్లు చచ్చిండమ్మా?”

“ఎన్నిసార్లు చస్తే నీకేందిరా? వాడేమన్న నీ మేనమామనా?”

“తిట్టకు, జవాబు చెప్పు. యేసు సమాధి కాడ దూత ఒక్కడే అని ఒకాయన, ఇద్దరని ఇంకొకాయన. శిష్యుడు యేసును ఎరగనని బొంకేది కోడి కూయకముందే అని ముగ్గురు, రెండుసార్లు కూయకముందే అని ఒకాయన. నలుగురు రాసిండ్రు, నలుగురికీ పొత్తు లేదు.”

“ఏ ఊరి కోడి ఒక్కసారి కూసి ఊకుంటదిరా? మీ ఖమ్మం కోళ్లు గట్ల లెక్క చూసుకొని కూస్తయా?”

నా మనవరాలు ఫక్కున నవ్వింది. మళ్లీ వెంటనే ముఖం ముడుచుకుంది. ఆ ముడుచుకోవడం చూసే నాకు ఒళ్లు మండింది. నా చిన్నకొడుకు ఖమ్మంలో గది కిరాయికి తీసుకొని డిగ్రీ చదివేవాడు. సెలవులకు వచ్చి నాతో వాదిస్తే వాదించనీ, నాకు నోరుంది. కానీ వాడు నాతో వాదించడం లేదు. నా మీద పెట్టి ఆ పిల్లకు వినిపిస్తున్నాడు.

తెల్లవారితే ఆదివారం. ఊరి బయట వాగులో ఆ పిల్లకు బాప్తిస్మం. పిల్ల నా పెద్దకొడుకు కూతురు. తల్లీ తండ్రీ మధిర వైపు పత్తి మిల్లులో పనికి పోయి, దాన్ని పాలు మరిచిననాటి నుంచీ నా దగ్గరే ఉంచారు. బాప్తిస్మం కావాలని నేను అడగలేదు, అదే అడిగింది. మూడు రోజుల నుంచి చిన్నాయిన మాటలు విని, ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చొని, “నానమ్మా, చిన్నాయిన అడిగినదానికి జవాబు దొరికేదాక నేను నీళ్లల్ల దిగ” అన్నది. కొట్లాట అక్కడ మొదలైంది.

నేను చదివింది రెండో తరగతి వరకే. ఆ తరువాత మా నాయన, ఆడపిల్ల చదువుతో అన్నం ఉడకదని బడి మాన్పించాడు. అయినా అక్షరం మీద వేలు పెట్టుకొని సువార్తలు నాలుగూ, అపొస్తలుల కార్యాలూ చదివాను, ఒకసారి కాదు. వీడు చెప్పిన తేడాలు నాకు కొత్త కాదు. వీడు కనిపెట్టినట్టు చెబుతున్నాడే, అదీ నాకు మంట.

“నీ తండ్రి ఎందుకు జైలుకు పోయిండో నీకు తెల్సారా?” అన్నాను.

వాడు జంకాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తం.

డెబ్బైల్లో, వీడు ఇంకా చంకలో ఉన్నప్పటి మాట. అడవిలో ఎవరో టేకుచెట్టు నరికారు. అడవి కాసే జంగలాత్ వాళ్లు నా పెనిమిటి పేరు చెప్పారు. ఆ రోజు నా పెనిమిటి అడవికి పోనేలేదు. పొద్దంతా ఒకరి గుడిసెకు గడ్డి కప్పుతున్నాడు. ఆయనతో కలిసి కప్పినవాళ్లు నలుగురు, అందరూ చూసినవాళ్లే. కానీ మా దగ్గర ఒక అలవాటుంది. ఆఫీసరు ముందుకు పోయేముందు అందరూ పెద్దమనిషి వాకిట్లో కూర్చొని మాట కలుపుకుంటారు. ఎవరూ తడబడొద్దని పెద్దమనిషి ఒక ముక్క కట్టి ఇస్తాడు, అందరూ దాన్నే వల్లిస్తారు. ఆనాడూ అదే చేశారు. “పొద్దు పొడిచిన కాన్నుంచి పొద్దుగూకేదాక మాతోనే గడ్డి కప్పిండు, ఆడికెల్లి కదల్లేదు దొరా.” మొదటివాడు అదే అన్నాడు, రెండోవాడు అదే అన్నాడు. మూడోవాడు నోరు తెరవగానే ఆఫీసరు నవ్వాడు. “మీ అందరికీ ఒక్కటే నోరా? ఎవడు నేర్పిండు?” అన్నాడు. నాలుగోవాణ్ని అడగనేలేదు.

జరిగింది నిజమే. నిజాన్నే అబద్ధంలాగా చెప్పారు. వాళ్లలో ఒకడికి ఆ పొద్దు తుంపర పడటం గుర్తుంది. ఇంకొకడికి నా పెనిమిటి తాడు చాలలేదని తనతో పెట్టుకున్న జగడం గుర్తుంది. మరొకడు మధ్యాహ్నం నేను అంబలి తెచ్చానంటాడు, పక్కవాడేమో అంబలి కాదు, జొన్న గటక అంటాడు. ఆ మాటలు ఆ మాటలుగానే చెప్పి ఉంటే నా పెనిమిటి ఇంటికి వచ్చేవాడు. అన్నీ చెరిపేసి ఒక్క మాట చేశారు. ఆ వానాకాలమంతా ఆయన సబ్‌జైల్లో ఉన్నాడు. నేను పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి ఒంటిగా నాట్లు వేశాను.

ఇదంతా వాడికి చెప్పాను. “నలుగురు నాలుగు తీర్ల చెప్పిండ్రంటే మాట కలుపుకోలేదని రా. కలుపుకోవాలంటే వాళ్లకు చేతకాకనా? దూతలు ఒకరా ఇద్దరా అని సరిజూసుకునుడు ఎంతసేపు? సమాధి ఖాళీగ ఉన్నదన్న కాడ నలుగురికీ తేడా ఉన్నదా, చెప్పు.”

వాడు మొద్దు కాదు, నా కొడుకే. “అది మనుషుల సాక్ష్యానికి సరే అమ్మా. మీరు దేవుడు రాయించిండంటరు గద. దేవునికి యాది ఉండదా?” అన్నాడు.

మాట లేనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది. “దేవుడు మనుషులతోటే రాయించిండు, కట్టెతోటి కాదు” అన్నాను. అది జవాబులో సగమేనని నాకూ తెలుసు.

అప్పుడే మా సంఘం పాస్టరు అయ్యగారు వచ్చాడు. బాప్తిస్మం తీసుకునే పిల్లలకు సాక్ష్యం ఒప్పజెప్పించుకోవడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. సంగతి విని నవ్వి, “దానికేముందమ్మా, ముందు ఉరేసుకున్నడు. తాడు తెగింది. కింద పడ్డడు. పొట్ట పగిలింది. రెండూ నిజమే” అన్నాడు.

నా కొడుకు చప్పట్లు కొట్టాడు. “చూసినవా అమ్మా? తాడు అయ్యగారు తెంపిండు!”

అయ్యగారి ముఖం ఎర్రబడింది. నాకు కొడుకు మీద ఉన్న కోపం అంతా ఆయన మీదికి మళ్లింది.

“అయ్యగారూ, తాడు తెగుడు మీరు చూసిండ్రా?”

“చూడలేదమ్మా. గట్ల అయి ఉంటదని పెద్దలంటరు.”

“అయి ఉంటదంటే అయి ఉంటదని చెప్పున్రి. అయింది అని చెప్తే, రేపు వీడసొంటోడు ఇంకోటి అడుగుతడు, దానికీ మీరు అతుకు వేస్తరు. చినిగిన గోనెసంచికి వేసే అతుకా ఇది? దేవుని మాటకు మన కుట్లు ఎందుకు?”

“మరి పిల్లలు అడిగితే ఏం చెప్పాలె?”

“తెల్వదని చెప్పున్రి. నోరేం పడిపోదు.”

ఆయన పిల్లవైపు తిరిగాడు. “నీ సాక్ష్యం చెప్పు బిడ్డా” అన్నాడు. అది లేచి నిలబడి, “నేను ఘోర పాపినై చీకటిలో తిరుగుచుండగా” అని మొదలుపెట్టింది. పన్నెండేళ్లు దాటని పిల్ల. చీకటి పడితే పెరట్లోకి పోవడానికే నా కొంగు పట్టుకునేది. అదే ముక్క పక్కింటి పిల్ల చెప్పడం పొద్దున విన్నాను. ఎదురింటి పిల్లాడు చెప్పడం నిన్న విన్నాను. అక్షరం తేడా లేదు.

“చాలు, ఆపు” అన్నాను. “అయ్యగారూ, మీరూ మాట కలుపుతున్నరు!”

ఆయన లేచి, “నీకు కోపం ఎక్కువమ్మా, ప్రార్థన చేసుకో” అని వెళ్లిపోయాడు. నా కొడుకు గోడకు ఆనుకొని నవ్వుతున్నాడు. “నువ్వు మా పార్టీల చేరినట్టేనా?” అన్నాడు. “నీ పార్టీకి నా చెప్పు కూడ రాదు, లేచి ఆ నీళ్లు తోడు” అన్నాను. వాడు బిందె తీసుకొని పోయాడు.

పిల్ల నా పక్కకు జరిగి అడిగింది. “నానమ్మా, యూదా ఎట్ల చచ్చిండో నీకు తెల్వదా?”

“తెల్వదు.”

“తెల్వకుండనే నమ్మినవా?”

“యూదాను నమ్మలేదే నేను. తాత జైల్ల ఉన్నప్పుడు, నాట్లు ఏసి వచ్చి, మీ నాయిన జరంతోని మూలుగుతుంటె, ఎవరిని పిలిచిననో ఆయనను నమ్మిన. ఆయన వచ్చిండు. తాత రాకముందే వచ్చిండు. అది నాకు తెల్సింది. నీకేం తెల్సో అది నువ్వు చూసుకో. రేపు దిగు అని నేను చెప్ప, దిగొద్దు అని చెప్ప. మీ చిన్నాయిన చెప్పిండని ఆగకు, అయ్యగారు నేర్పిండని దిగకు.”

అది ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగి తిని పడుకుంది. దిగమని చెప్పకపోతినే అని నా నోటిని నేనే తిట్టుకుంటూ గిన్నెలు తోమాను.

తెల్లవారి పిల్ల నాకంటే ముందు లేచింది. వాగు దగ్గర మిగతా పిల్లలు ఒకరి తరువాత ఒకరు అదే సాక్ష్యం చెప్పారు. దీని వంతు వచ్చినప్పుడు అది సాక్ష్యం చెప్పలేదు. అయ్యగారు మొదటి మాట అందించాడు, అయినా చెప్పలేదు. ఆయన నావైపు ఒకసారి చూసి, “యేసు ప్రభువును నమ్ముతున్నవా?” అని అడిగాడు. “నమ్ముతున్న” అన్నది. ఆయన దాన్ని నీళ్లలో ముంచి లేపాడు. నా కొడుకు గట్టు మీదికి రాలేదు. మొదటి బస్సుకే ఖమ్మం వెళ్లిపోయాడు.