పిల్లిపీచర గడ్డల మహిమ

కాన్పుకు ఉప్పుగూడలోని పుట్టింటికి వెళ్ళేదాకా బాలింత మీద ఇంతమందికి అధికారం ఉంటుందని నాకు తెలియదు. అందరిలోకీ పెద్ద అధికారి మా అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ. ఛత్రినాక నుంచి రోజూ ఆటోలో దిగేది. చెప్పులు విడవగానే వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీది మూతలు తీసి చూసేది.

పాప పుట్టి రెండు వారాలైనా పుట్టినప్పటి బరువుకు రాలేదు. బస్తీ దవాఖానాలో నర్సమ్మ పాపను కాటా మీద పడుకోబెట్టి, "వచ్చే వారం గూడ గిట్లనే ఉంటే డబ్బా పాలు పట్టాలమ్మా" అంది. నాకు ఏడుపు ఆగలేదు. నా బిడ్డకు నా పాలే పట్టాలని ఎంత ఆశపడ్డానో! పాప లాగి లాగి అలసిపోయి, ఆకలితో నా ఒళ్ళోనే ఏడ్చేది.

పెద్దమ్మకు మాత్రం కంగారే లేదు. "ఫికర్ చెయ్యకు. పిల్లిపీచర గడ్డలు తాపితే చెంబులకు చెంబులు పాలు పడతయి" అంది. శతావరి అంటారే, అదే. అడవిలో ముళ్ళతీగ కింద గుత్తులుగా ఊరే గడ్డలు. అమ్మ కార్వాన్ బజారుకు వెళ్ళి, ఒక ముసలి భాయ్ మూలికలమ్మే జడీబూటి దుకాణంలో తెచ్చింది. ఎండి ముడతలు పడ్డ ఆ గడ్డల్ని దంచి, పాలలో మరిగించి పొద్దున అర గ్లాసు, సాయంత్రం అర గ్లాసు ఇచ్చేవారు. నోట్లో జిగటగా, చివర కాస్త చేదుగా ఉండేది. నేను తాగాక పెద్దమ్మ నా ముఖం చూసేది కాదు, నా రవికె వైపు చూసేది, మోటారు వేసి నల్లా ముందు నిలబడ్డట్టు.

మరి తిండి సంగతంటారా? పిడికెడు మెత్తటి అన్నం, వెల్లుల్లి కారం, చెంచా నెయ్యి. పప్పు వాతం, కూరగాయలు చలువ, పండ్లు జలుబు, పెరుగు పేరే ఎత్తకూడదు. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందట, అందుకని కాచిన నీళ్ళు చిన్న గ్లాసుతో రోజుకు మూడుసార్లు. అది మే నెల, మాది రేకుల ఇల్లు. గొంతెండి నీళ్ళడిగితే, "ఓర్చుకో బిడ్డా, నలభై రోజులే గద" అనేది పెద్దమ్మ, ఫ్రిజ్‌లోంచి సీసా తీసి గటగటా తాగుతూ. బ్యాంకు కౌంటరులో కూర్చుని పదిమందికి జవాబు చెప్పే దాన్ని, నోరు మూసుకుని ఆ కారం మెతుకులు మింగాను. అందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

నాలుగు రోజుల్లో గడ్డలు అయిపోయాయి. పాలు పెరగలేదు. అమ్మ మళ్ళీ కార్వాన్ వెళ్ళి ఉత్త చేతులతో వచ్చింది. భాయ్ గడ్డలు ఇవ్వనన్నాడట.

"'పిల్ల ఏం తింటది?' అని అడిగిండక్కా. చెప్పిన. 'నీళ్ళెన్ని తాగుతది?' అన్నడు. గది గూడ చెప్పిన. 'ముందుగాల కడుపునిండ అన్నం పెట్టున్రి, నీళ్ళు తాగనియ్యున్రి. గప్పటికీ పాలు రాకుంటే రా, ఇస్త' అన్నడు."

పెద్దమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "మందమ్మెటోడే మందు వద్దంటున్నడంటే వాని తాన మంచి సరుకు లేనట్టే. నేను ఇంకో దుకాణం చూస్త" అని అప్పటికప్పుడు ఆటో ఎక్కింది. చేతికొచ్చిన బేరం వదులుకుని నిజం చెప్పాడు పాపం ఆ ముసలాయన. మా ఇంట్లో ఆయనకు దొరికిన బిరుదు దొంగ.

ఆటో సందు మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఆ తర్వాత తలుపు గడియ పెట్టి, పళ్ళెం నిండా అన్నం, పాలకూర పప్పు, రెండు ఉడికిన గుడ్లు, చెంబెడు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"జల్ది తిను. అక్కకు చెప్పకు."

సిగ్గు లేకుండా తిన్నాను. చెంబు మళ్ళీ నింపించుకున్నాను. అప్పటినుంచి పెద్దమ్మ రాకముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి నాకు దొంగ భోజనాలు జరిగాయి. మధ్యలో కొత్త దుకాణం గడ్డలు కూడా బుద్ధిగా తాగాను.

తర్వాతి వారం కాటా మీద పాప బరువు పెరిగింది. నర్సమ్మ డబ్బా పాల మాట ఎత్తలేదు. పెద్దమ్మ తను తెచ్చిన గడ్డలకు ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "చూసిన్రా, అసలు సరుకంటే గిది!" అంది. అమ్మ తల ఊపుతూ, "అవునక్కా, గడ్డల మహిమనే" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దమ్మ వెళ్ళగానే అమ్మను నిలదీశాను. "పెద్దమ్మ ముంగట గట్లెందుకన్నవ్? తెలిసినదానివి, ముందే నాకు అన్నమెందుకు పెట్టలే?"

అమ్మ పాపను భుజాన వేసుకుని వీపు నిమిరింది.

"నిన్ను కన్నప్పుడు నాకు గూడ అక్కనే చేసింది బిడ్డా. గవే గడ్డలు, గదే పథ్యం. పాపం మస్తు కష్టపడ్డది, ఇప్పుడు అక్కకు ఏమని చెప్పాలె? నాకు ఒక్క చుక్క పడలే. నువ్వు డబ్బా పాల మీదనే పెరిగినవ్. మొన్న ఆ భాయ్ అడిగేదాక, నా ఒంట్లనే ఏదో లోపమున్నదనుకున్న."