మధ్యలో పాప

మా చిన్నోడు బండి మీంచి పడి చనిపోయి అప్పటికి ఏడాది. బండి నడిపింది మా ఆయన. ఆయన వద్దంటున్నా వాణ్ణి ముందు కూర్చోబెట్టింది నేను. ఆ రోజు నుంచి మేమిద్దరం నేరుగా మాట్లాడుకోలేదు. "మీ నాయనను అన్నానికి రమ్మను", "మీయమ్మ సొక్కా యాడ పెట్టిందో అడుగు" అంటూ అన్నీ మా పదేళ్ల పాప చేతే చెప్పించేవాళ్లం.

నాకు గుండెదడ ఎక్కువై శ్రీకాళహస్తి నుంచి తిరుపతికి, ఒక కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. నాకు ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం నేర్పింది. ఆయనను ఆ రోజు జరిగింది కాగితం మీద రాయమంది. ఆయన తేదీ వేసి ఆపేశారు. మూడోసారి పాపను బయట కూర్చోబెట్టి, మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోమంది.

"ఏదైనా సరే, ఒక్క మాట ఆమెను చూసి చెప్పండి సార్," అంది.

ఆయన లేచి తలుపు తీసి, "పాపా, ఇంటికి పోదామా అని మీయమ్మను అడుగు," అన్నారు.

పాప లోపలికి వచ్చింది. "నాయన ఇంటికి పోదామా అంటా ఉండాడు."

"సరేనని చెప్పు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక మేడమ్ వైపు తలెత్తి చూడలేకపోయాను. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఆరేళ్లయింది. వచ్చే నెల పాప ఇంటర్ చదవడానికి హాస్టల్‌కు వెళ్తోంది. దాన్ని పంపొద్దని ఆయనకు చెప్పాలని ఉంది. ఎవరి చేత చెప్పించను?