చెక్కుబందీలో లేని దిక్కు

పుట్టపర్తి కేంద్రంగా మాకు కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి సంవత్సరం, జూన్ నెలలో, నన్ను పెనుకొండ డివిజన్‌కు సర్వే డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మండల సర్వేయర్లు కొలిచి ఇచ్చిన పటాలను తనిఖీ చేసి సంతకం పెట్టడం ఈ ఉద్యోగం. రిటైరు కావడానికి పద్నాలుగు నెలలే ఉండాయి. ధర్మవరంలో ఇల్లు, పొద్దున రైలెక్కితే పెనుకొండ. ఇంకేం, కుర్చీలో కూర్చుని కాలం వెళ్ళబుచ్చవచ్చు అనుకున్నాను. రెండో వారంలోనే ఆ ఊరి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఊరి పేరు రాయను. పెనుకొండకు తూర్పున, గుట్ట కింద ఉందంటే చాలు.

పని చిన్నదే. ఒక సోలార్ కంపెనీ గుట్ట కింది మెట్టభూములను రైతుల దగ్గర కౌలుకు తీసుకుంటోంది. ఉమ్మడి కొలత వేయాలి. అంటే కంపెనీ మనిషి, రైతు, మా సర్వేయరు కలిసి పొలంలో నిలబడి హద్దులు ఒప్పుకోవాలి. హుసేనప్ప అనే రైతు తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆయన అయిదెకరాలు సరిగ్గా బండిదారి మీద ఉన్నాయి. ఆయన లేకుంటే దారి లేదు, దారి లేకుంటే ఎవరి కౌలూ లేదు. వరసగా మూడేండ్లు శెనక్కాయ చేతికి రాని ఊరది.

ఆ పేరు చూడగానే నా చెయ్యి ఆగింది. ఆ పొలంలో రాళ్ళు నాటించింది నేనే.

అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. ఢిల్లీ నుంచి ఒక బృందం వస్తుంది, గుట్ట కింద కొంత చోటు కొలిచి ఇవ్వు, ఎవరైనా అడిగితే భూగర్భజలాల పరీక్ష అని చెప్పు అని పైఅధికారి ఆదేశం. అట్లాగే చెప్పాను. సీమలో నీళ్ళ కోసం వచ్చినామంటే కాదనేవాడెవడు? హుసేనప్ప వాళ్ళమ్మ మాకు చెంబు నిండా మజ్జిగ పోసింది. తర్వాత మిషన్ వచ్చి నెలల తరబడి తొలిచింది. నీళ్ళ బోరయితే నీళ్ళు పడగానే ఆపుతారు. వీళ్ళు తడి తగిలినా ఆపలేదు, రాయి కోసం దిగారు. పైకి తీసిన రాతికడ్డీలను పెట్టెల్లో పేర్చి, నంబర్లు వేసి తీసుకుపోయారు. అణు విద్యుత్తు తయారయ్యాక మిగిలే చెత్తను పూడ్చిపెట్టడానికి పగుళ్ళు లేని బండ వెతుకుతున్నారని తర్వాత బయటపడింది. ఊరంతా అడ్డం పడింది. మిషన్ పోయింది. బోర్లకు ఇనుప మూతలు పెట్టి సిమెంటు పోసి వెళ్ళిపోయారు. ఆ ఆలోచన మానుకున్నామని మాత్రం ఎవరూ కాగితం మీద చెప్పలేదు. నేను బదిలీ మీద గాండ్లపెంటకు పోయాను.

ఉమ్మడి కొలతకు నేనే పోయాను. నా హోదాకు పోవలసిన పని లేదు, కానీ పోకుండా ఉండలేకపోయాను. హుసేనప్ప ఆ సిమెంటు మూత మీదనే కూర్చుని ఉన్నాడు. గడ్డం నెరిసింది, చూపు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టాడు.

"ఆ పొద్దు నీళ్ళంటిరి, ఈ పొద్దు ఎండ అంటాండారు," అన్నాడు. "తెలిసి చెప్తిరా సార్, తెలీక చెప్తిరా?"

చుట్టూ ముప్పై మంది. కంపెనీ తరఫు మేనేజరు, హిందూపురం మనిషి, నా పక్కనే ఉన్నాడు. ఆఫీసరు తప్పు ఒప్పుకోవడం మా శాఖలో ఆనవాయితీ కాదు. చెప్పిన రోజు తెలియదని చెప్పాను. తెలిసినాక తిరిగి వచ్చి మీకు చెప్పలేదు, అది తప్పే అన్నాను. సిగ్గేసింది. హుసేనప్ప మూత మీది నుంచి లేచి, సరే కాగితం చదవండి అన్నాడు.

కౌలు పత్రంలో చెక్కుబందీ అని ఒక భాగం ఉంటుంది. భూమికి తూర్పున ఎవరు, దక్షిణాన ఎవరు, పడమర, ఉత్తరం ఎవరు అని రాస్తారు. గట్టిగా చదివాను. నాలుగూ సరిపోయాయి.

"నాలుగు దిక్కులూ బాగుండాయి. కింద ఎవురిది?" అన్నాడు హుసేనప్ప.

మేనేజరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పత్రం మళ్ళీ మొదటి నుంచి చదివితే మూడో పేజీలో దొరికింది: భూమి ఉపరితలం, అడుగుభాగం రెండింటి మీదా సర్వహక్కులు కంపెనీవి, వాటిని ఇతరులకు బదలాయించవచ్చు. అంటే రేపు ఆ చెత్త పూడ్చేవాళ్ళకైనా ఇచ్చుకోవచ్చు. సోలార్ పలకలకు కాళ్ళు ఎంత లోతుకు దించుతారప్పా అని మేనేజరును అడిగాను. నిలువు మనిషి లోతు కూడా ఉండదన్నాడు. అయితే అదే రాయండి అంటే మాత్రం నసిగాడు. ఇది వేరే జిల్లాల్లో వాడిన నమూనా సార్, మాకేం దురుద్దేశం లేదు, హెడ్డాఫీసును అడగాలి అన్నాడు. అంతవరకు ఊరికే చూస్తున్న రైతులు కూడా అప్పుడు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అని ఎవరో వెనక నుంచి అన్నారు.

పటం మీద నేను సంతకం పెట్టలేదు. నెల గడిచింది. పైనుంచి ఫోను వచ్చింది: హద్దులు కొలిచేది మీ పని, లోతుతో మీకేం పని? రూలు ప్రకారం అది నిజమే. మా కొలతల పుస్తకంలో పొడవుకూ వెడల్పుకూ గళ్ళుంటాయి, లోతుకు లేదు. అయినా అణుచెత్త పూడ్చే ఆ పాత ప్రతిపాదన రద్దయిందో లేదో తెలపమని పైఆఫీసును రాతపూర్వకంగా అడిగాను. అటువంటి ప్రతిపాదన ఏదీ రికార్డులో లేదని జవాబు వచ్చింది. నేను నాటించిన రాళ్ళు పొలంలో ఉన్నాయి, నంబరు వేసిన మూతలున్నాయి, ప్రతిపాదన మాత్రం లేదు. అప్పటిదాకా నాది సగం అనుమానం. ఆ జవాబుతో నిండా అయింది.

ఊర్లో కొందరు హుసేనప్ప మీద గుర్రుగా ఉండారని విన్నాను. అందరి కూడు చెడగొడుతున్నాడని మొహం మీదే అన్నారట. సంతకం పెట్టి మోసపోతే ఉన్న అయిదెకరాలూ పోతాయి, పెట్టకపోతే ఊరు పోతుంది. ఆయన మాట మార్చలేదు. నాకు ఫోను చేసి, పత్రంలో లోతు ఎక్కిందా అని మాత్రం అడిగేవాడు.

చివరకు కంపెనీ దిగివచ్చింది. మూడో పేజీలో ఆ మాటలు కొట్టేశారు. ఉత్తరం తర్వాత ఇంకో వరస చేర్చాం: కింద ఆరడుగులు, అంతకు దిగువ కంపెనీకి హక్కు లేదు, పాత మూతలు తెరవరాదు. ఇట్లాంటి వరస ఎప్పుడూ చూడలేదని రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా గొణిగాడు. హుసేనప్ప ఆ వరస మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకుని, తర్వాతే సంతకం పెట్టాడు.

రిటైరైనాక ఒకసారి ఆ ఊరికి పోయాను. గుట్ట కింద అంతా నీలం పలకలు. హుసేనప్ప ఆరడుగుల దగ్గర గాటు పెట్టిన ఇనుప కడ్డీ పట్టుకుని తిరుగుతున్నాడు. ప్రతి శుక్రవారం నమాజు అయినాక వచ్చి, కొత్తగా యాడన్నా తవ్వినారేమో చూసి, గుంత కనిపిస్తే కడ్డీ దింపి పోతాడట. ఇంకా నమ్మకం కుదరలేదా అని అడిగాను.

"కుదిరిందని కొలిచేది మానుకుంటే ఎట్ల సార్," అన్నాడు. "మీరు మాత్రం, ఊరంతా ఒప్పుకున్న గట్టునే మళ్ళా గొలుసేసి కొలుస్తాంటిరి గదా."

ఉద్యోగమంతా పొడవు, వెడల్పులు కొలిచాను. కింద ఎవరిదని అడగాలని ఆయన అడిగేదాకా నాకు తోచలేదు. ఇంకొకటి కూడా ఆ ఫైలులోనే నేర్చుకున్నాను. ఎందుకు కొలుస్తున్నావని రైతు అడిగితే, తెలియకుంటే తెలియదనే చెప్పాలి. తెలిసిన రోజు తిరిగి పోయి చెప్పాలి. నేను పోవడానికి ఇరవై ఎనిమిదేండ్లు పట్టింది. అప్పటికి మజ్జిగ పోసిన ఆ తల్లి లేదు.