మా అత్తయ్య కుదిర్చిన ప్లీడరు

మా మేనత్త పోయిందని నందివాడ దగ్గర వాళ్ళ ఊరి నుంచి మనిషి వచ్చి చెప్పినప్పుడు నేను దివిసీమలో మా మినపచేలో ఉన్నాను. పీకిన కలుపు మొక్క చేతిలోనే ఉండిపోయింది. ఈ చేలో నేను తలెత్తుకుని తిరుగుతున్నానంటే అది ఆవిడ చలవే. ఎలాగో చెబుతాను. ఆవిడకు చదువు రాదు, కోపం మాత్రం దండిగా వచ్చు.

ఆ కోపంలో పెద్దవాటా బందరులో ఒక ప్లీడరు గారిది. ఒక చలికాలం తెల్లవారుజామున అత్తయ్య కొట్టంలోంచి ఎద్దు పోయింది. మంచులో దాన్ని తోలుకుపోయింది తమ పాలేరేనని ఆవిడ కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది. పాలేరు తరఫున ఆ ప్లీడరు గారు లేచి, గొంతు పెంచకుండా, "ముఖం చూశారా అమ్మా, అతనే అనుకున్నారా?" అని అడిగారు. అత్తయ్య తడబడింది. కేసు కొట్టేశారు. దొంగను వదిలేయించాడని ఆవిడ ఆయన్ని ఏళ్ళ తరబడి తిట్టిపోసింది. బందరు వెళ్తే ఆయన ఇల్లున్న వీధిలో అడుగు పెట్టేది కాదు.

తరువాత నా వంతు వచ్చింది. నాట్ల రోజుల్లో కాలువ నీళ్ళ దగ్గర గొడవై ఒకాయన తల పగిలింది. కొట్టింది నేనేనని మా ఊరి పెద్దరైతు చెప్పాడు. ఆ సాయంత్రం నేను జ్వరంతో ఇంట్లో పడుకుని ఉన్నాను. మా అమ్మ తప్ప చూసినవాళ్ళు లేరు. శిక్ష పడితే నా వయసంతా జైల్లోనే కరిగిపోయేది. నాన్న పేరుమోసిన ప్లీడరొకాయన్ని మాట్లాడుకొచ్చాడు. ఆయన బెయిలిప్పించి, "సాక్షిని బోనులో ఉతికి ఆరేస్తా" అన్నాడు. మేమంతా కేసు గెలిచేసినట్టే సంబరపడ్డాం. అత్తయ్య ఒక్కతే ఒప్పుకోలేదు.

"ఆయన నిన్నేమైనా అడిగాడా అన్నయ్యా?"

"అడిగేదేముంది? గెలిపిస్తానన్నాడుగా!"

"ఏమీ అడక్కుండానే గెలిపిస్తాడా? ఆ పెద్దరైతు అబద్ధం ఆడే మనిషి కాదు. అబద్ధాలకోరని ఆయన మీద అరిస్తే మేజిస్ట్రేటు గారు మనల్నే నమ్మరు. ఆ రోజు నేనూ అబద్ధం చెప్పలేదు. అయినా పొరపాటు పడ్డానేమోనని నాకే అనిపించేలా అడిగాడే, ఆ మహానుభావుడు కావాలి మనవాడికి."

నన్ను వెంటబెట్టుకుని ఆ వీధిలోకి వెళ్ళింది. నాన్న వెనకాల గొణుక్కుంటూ వచ్చాడు.

"మీరు ఎద్దు కేసులో సాక్షి కదూ అమ్మా?" అన్నారు ప్లీడరు గారు.

"అవునండీ. మీ మీద కోపం ఇంకా పోలేదు. అయినా మావాడికి మీరే కావాలి."

ఆయన నవ్వకుండా కుర్చీ చూపించారు. అత్తయ్య ప్రశ్నల మూట విప్పింది. బెయిలు వచ్చిందంటే కేసు పోయినట్టే కదా? "కాదమ్మా. జైలు నుంచి కాకుండా ఇంటి నుంచి వాయిదాలకు రావడమే." నోరు మెదపకపోతే తప్పు ఒప్పుకున్నట్టు కాదూ? "కాదు. నేరం చేశాడని చూపించాల్సింది వాళ్ళు." మరి గెలిపిస్తారా? "ఆ మాట ఇవ్వలేను. అడగాల్సింది మాత్రం వదిలిపెట్టను."

"అదీ మాట!" అంది అత్తయ్య, నాన్న వైపు చూసి.

ఆయన నన్ను విసుగొచ్చేదాకా ప్రశ్నలు అడిగారు. ఒక ఆదివారం మా ఊరొచ్చి కాలువ గట్టు కూడా చూసి వెళ్ళారు.

కోర్టులో పెద్దరైతును ఆయన ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు.

"అంత దూరం నుంచి మీకేం కనిపించిందండీ?"

"తలపాగా అండి. ఆ ఎర్ర తలపాగా అబ్బాయిదే."

"ముఖం చూశారా, అతనే అనుకున్నారా?"

పెద్దరైతు నా వైపు తిరిగి ముఖం చూశాడు. "అనుకున్నానండీ" అన్నాడు చివరికి. ఆయన నిజాయితీకి అక్కడే దండం పెట్టాలనిపించింది నాకు.

కేసు కొట్టేశారు. బయటికొచ్చి చూస్తే అత్తయ్య ఏడుస్తోంది. సంతోషం కాబోలనుకున్నాను.

"నేనూ అనుకున్నానురా" అంది. "ఆ పాలేరు ముఖం నేను చూడలేదు."

గుడివాడలో రైలు దిగి ఇంటికి వెళ్ళకుండా తిన్నగా అతని గుడిసెకు నడిచింది. నేనూ వెంట ఉన్నాను. "నిన్ను చూడకుండానే చూశానని చెప్పాను. తప్పు నాది" అంది, అతని వాడ జనమంతా వింటూ ఉండగా. అతను కరిగిపోలేదు. "కేసు తేలకముందు, మా అమ్మ పోయినప్పుడు నేను జైల్లో ఉన్నానమ్మగారూ" అన్నాడు. అత్తయ్య అలాగే నిలబడింది. కాసేపటికి అతని భార్య పీట వేసింది. అతను మళ్ళీ ఆ ఇంట పనికి రాలేదు. రమ్మని ఆవిడా అడగలేదు.

ఆ తరువాత కేసుల్లో చిక్కుకున్నవాళ్ళు సలహాకు అత్తయ్య దగ్గరికి వచ్చేవారు. "గెలిపిస్తానన్నవాడి దగ్గరికి కాదు, నిన్ను అడిగి అడిగి విసిగించేవాడి దగ్గరికి వెళ్ళు. ఆయన దగ్గర ఏదీ దాచకు" అనేది. పాలమీద మీగడ ఎవరు తిన్నారని కోడళ్ళు పోట్లాడుకున్నా, "చూశావా, అనుకున్నావా?" అని బోనులో నిలబెట్టేది. ప్లీడరు గారికి ఏటా కొత్త బియ్యం పంపేది, కోపం ఇంకా పోలేదన్న కబురుతో సహా.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆవిడను వాకిట్లో పడుకోబెట్టి, మంచు పడకుండా ముఖం మీద తువ్వాలు కప్పారు. తెల్లవారింది గాని పొగమంచు విడలేదు. గట్టు మీద దుప్పటి కప్పుకుని ఎవరో వస్తున్నారు.

"మీ ప్లీడరు గారేమో" అన్నాడు అత్తయ్య కొడుకు, మా బావ.

నేను ముఖం కనిపించేదాకా ఆగాను. ఆ పాలేరు. బాగా ముసలివాడయ్యాడు. దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బావ తువ్వాలు తీశాడు. అతను వంగి, అత్తయ్య ముఖాన్ని చాలాసేపు చూశాడు.