గీతకు మొదలు ఏ వైపు?

1967 జులైలో నన్ను విశ్వవిద్యాలయం ఇంగ్లీషు విభాగంలో ట్యూటరుగా వేశారు. ట్యూటరంటే లెక్చరరుకు ఒక మెట్టు కింద. నాకు అప్పగించింది క్యాంపస్‌లోని అటెండర్లకు, గుమాస్తాలకు సాయంత్రం పూట నడిపే తరగతి. దాని చివర బయటి పరీక్షకుడు వచ్చి మౌఖిక పరీక్ష పెడతాడు. అందులో నెగ్గినవారికే పై పోస్టు.

మాది గుంటూరు వైపు. నాన్నగారు క్రైస్తవ సంఘంలో వాక్యం బోధించే ఉపదేశి. తార్నాకలో గది తీసుకుని, ప్రార్థన ముగించుకుని నడిచి క్యాంపస్‌కు వెళ్ళేవాణ్ణి.

ఆ రోజుల్లో మా బోధన పద్ధతికి ఒక కట్టడి ఉండేది. తరగతిలో తెలుగు మాట వినపడకూడదు. ముందు చేసి చూపాలి, తర్వాత మాట పలకాలి, ఆపైన అందరిచేత పలికించాలి. పైకి, కిందికి కదలికలను తెలిపే మాటలను అలాగే మొదలుపెట్టాను. పొగ తనంతట తాను పైకి పోతే రైజ్. మనిషి కష్టపడి మెట్లెక్కితే క్లైమ్. గద్ద ఆకాశంలోకి ఎగసిపోతే సోర్. ఆకు రాలితే ఫాల్, సుద్దముక్క చేతిలోంచి జారితే డ్రాప్, రాయి నీళ్ళలో మునిగితే సింక్, ఒక్కసారిగా లోతుకు పడిపోతే ప్లంజ్. అవి వచ్చాక అవే మాటలతో, ఒక రోజు ఉష్ణోగ్రతను గ్రాఫుగా గీసిన పటం మీది గీతను వర్ణించాలి. ఉష్ణోగ్రత పెరిగిందా తగ్గిందా, మెల్లగానా ఒక్కసారిగానా చెప్పాలి.

ఆ తరగతిలో నర్సింగరావు గారు ఉండేవారు. మెదక్ వైపు మనిషి, భూగోళశాస్త్ర విభాగంలో అటెండరు, నాకంటే పెద్దవాడు. వాళ్ళ విభాగంలో చిన్న వాతావరణ కేంద్రం ఉండేది. అందులో రోజూ ఉష్ణోగ్రత, వాన నమోదు చేసే పరిశీలకుడి పోస్టు ఖాళీ అయింది. ఆయనకు ఆ ఏడాదితో వయోపరిమితి దాటిపోతుంది. ఈ పరీక్ష తప్పితే పదవీ విరమణ దాకా అటెండరే.

మెట్ల దగ్గర, సుద్దముక్క దగ్గర ఆయన ఒక్క మాటా తప్పలేదు. బల్ల మీద పటం పరిస్తే మాత్రం ప్రతి జవాబూ తలకిందులే. గీత ఎగబాకితే ఫాల్ అనేవారు, జారితే రైజ్ అనేవారు. తడుముకోవడం కూడా లేదు. పక్కనే కూర్చునే గ్రంథాలయ గుమాస్తా యాదగిరి నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

"నర్సింగన్నా, నీ బస్సు ఎప్పుడు జూసినా ఉల్టానే నడుస్తదేందే?"

"నాది సీదనే నడుస్తున్నది. నువ్వే తలకాయ కిందికి పెట్టి కూసున్నవ్ పో."

నేను తెలుగు వద్దని బల్ల మీద చరిచేవాణ్ణి. కానీ ఏం చేయాలో నాకూ తెలియలేదు. కళ్ళ జబ్బేమో అనుకున్నాను. నన్ను ఆట పట్టిస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను. మాటలు రాక తప్పు చెప్పేవాడు ఒకసారి కాకపోతే ఒకసారైనా సరిగ్గా చెప్పాలి కదా! అన్నీ తప్పు చెప్పాలంటే అన్నీ తెలిసి ఉండాలి. విభాగంలో నా పైవారైన రీడరు గారు ఇది విని, ఆయన పేరు ఈసారికి ఆపేయమన్నారు. పరీక్షకు పంపే సిఫారసు ట్యూటరు చేతిలోనే ఉండేది. ఆదివారం దాకా గడువు అడిగాను.

ఆ ఆదివారం ఆరాధనలో వాక్యం, ఆకాశాన్నంటే నిచ్చెన మీద దేవదూతలు ఎక్కుతూ దిగుతూ కనబడిన కల గురించి. ఎక్కడం ముందు, దిగడం తర్వాత అని చదివారు. పరలోకంలో ఉండేవారు ముందు దిగాలి గాని ఎక్కడమేమిటని చిన్నప్పుడే నాన్నగారిని అడిగాను. నువ్వు ఎక్కడ నిలబడి చూస్తున్నావో ఆలోచించుకోమన్నారాయన. నాకు అప్పుడూ తేలలేదు, ఆ ఆదివారమూ తేలలేదు.

ఆరాధన ముగిశాక తార్నాక చౌరస్తాలోని ఇరానీ హోటల్లోకి వెళ్తే మూలబల్ల దగ్గర నర్సింగరావు గారే కనిపించారు. ఎదుట కూర్చున్నవారికి ఉర్దూ పత్రిక పైకి చదివి వినిపిస్తున్నారు. వేలు పంక్తి కుడి చివర మొదలై ఎడమకు జరుగుతోంది. నేను ఆయన బల్ల దగ్గరికే వెళ్ళాను.

"మీరు ఏ మీడియంలో చదువుకున్నారండీ?"

"ఉర్దూల సార్. మా దినాలల్ల బడిల తెలుగు ఏడున్నది? ఇంట్ల మాట్లాడుడే."

పత్రిక అంచున ఒక ఏటవాలు గీత గీసి, ఇది ఎక్కుతోందా దిగుతోందా అని అడిగాను. ఆయన వేలు కుడి కొన మీద పెట్టారు.

"గీడికెల్లి చూస్తే దిగుతనే ఉన్నది గద సార్. మీరు ఎక్కుతున్నదంటరు. సార్ గద, ఎట్ల కాదంటనని ఊకున్న."

పటంలో పొద్దున ఎడమవైపు ఉంటుందని, అక్కడి నుంచి చూడాలని చెప్పాను. తెలుగులోనే చెప్పాను. ఆయన వేలును గీత వెంట ఎడమ నుంచి కుడికి జరిపారు. "అయితే ఇన్ని దినాలు నేను పొద్దుమూకినకాడికెల్లి పొద్దుగాలకు నడిచిన్నా!" అని పెద్దగా నవ్వారు. మర్నాడు సిఫారసు పంపాను.

పరీక్షకుడు మద్రాసు నుంచి వచ్చారు. ట్యూటరు గోడవారగా కూర్చోవచ్చు గాని అందించకూడదు. వాతావరణ కేంద్రం నుంచి తెచ్చిన చార్టును ఆయన నర్సింగరావు గారి ముందు పరిచారు. నర్సింగరావు గారి వేలు అలవాటుగా కుడివైపుకు వెళ్ళింది. ఆగింది. ఎడమకు వచ్చింది. మళ్ళీ మధ్యలో ఆగింది. అప్పుడాయన తలెత్తి, గీత ఏ వైపు నుంచి మొదలవుతుందని వచ్చిన ఇంగ్లీషులో పరీక్షకుణ్ణే అడిగారు.

పరీక్షలో అభ్యర్థి ప్రశ్న వేయడం నేను అంతకుముందు చూడలేదు. పని చెడిందనుకున్నాను. పరీక్షకుడు జవాబు చెప్పబోయి, చార్టును తన వైపు తిప్పుకుని, కళ్ళజోడు సవరించుకుని, అడుగున ఉన్న గంటల అంకెల కోసం కాసేపు వెదికారు. దొరికాక ఎడమ అంచు చూపించారు. ఆ తర్వాత నర్సింగరావు గారు తప్పలేదు. గీత మెల్లగా ఎక్కిన చోట రైజ్ అన్నారు, సాయంత్రం వానకు పడిపోయిన చోట ప్లంజ్ అన్నారు. పరిశీలకుడి పోస్టు ఆయనకే వచ్చింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ పాఠం చెప్పాను. పటం పరిచాక ఎక్కడమో దిగడమో అడగడం మానేశాను. ముందు ఒక్కొక్కరినీ పిలిచి, ఎక్కడి నుంచి చూస్తున్నావో అక్కడ వేలు పెట్టమనేవాణ్ణి. మాటలు ఆ తర్వాతే.